ఎదెల్మిరా ఓయార్సో బాకీలు

ఆవిడ చేతులు చల్లన.
అది ముందు చెప్పాలి. ఎందుకంటే
కెత్రావెలో ఎవర్నడిగినా
హస్తవాసి గురించే చెబుతారు,
ఆ చల్లదనం ఎవరూ చెప్పరు.
స్టెతస్కోపు బిళ్ళని చంకలో ఇరికించుకుని
అది వెచ్చబడేదాకా వాననీ గాలినీ మంత్రుల్నీ తిట్టి
అప్పుడు ఆనించేది గుండె మీద.

నేను ఆవిడ పడవవాణ్ణి.
ఇరవయ్యారేళ్ళు, ఈ దీవి నుంచి ఆ దీవికి.
చిలోయేలో వాన పడని రోజుని
పండగ కింద లెక్కేస్తాం మేము;
అట్లాంటి పండగలు మా పడవకి దక్కినవి తక్కువ.
మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని
నాకు ఎదురుగా కూచునేది.
ఆవిడకి వెళ్ళే ఊరు కనబడేది,
తెడ్డు వేసే నాకు వదిలొచ్చిన ఊరు.

ఫీజు అడగడం ఆవిడకి చేతకాదు.
మాన్సిల్యా దుంపలిచ్చేవాడు,
నల్లవి, బొటనవేలంతవి.
నహుయెల్కిన్ వాళ్ళ ముసలమ్మ అల్లే ఉన్ని మేజోళ్ళు
ఎప్పుడూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
అవే తొడుక్కుని తిరిగేది.
పొగబెట్టిన ఆల్చిప్పల మాంసం దండలు
దూలానికి వేలాడి వేలాడి
మందుల గదంతా
సముద్రం మాడిన వాసన.

కోపం మనిషి.
తాగి నుదురు పగలగొట్టుకొచ్చిన బార్రియాకి
మత్తు నువ్వే తెచ్చుకున్నావుగా అంటూ
ఉత్తినే ఏడు కుట్లు వేసింది.
ఇప్పటికీ మా వీధి పిల్లలు కొట్లాడుకుంటే
పెద్దవాడు చిన్నవాణ్ణి గోడకి నిలబెట్టి
"నాలుక చూపించు" అంటాడు, ఆవిడ గొంతుతో.
ఆవిణ్ణి ఎన్నడూ చూడని పిల్లలు వీళ్ళు.

ఆగస్టులో పోయింది.
పడవలో కాదు, కుర్చీలో,
ఎవరిదో ఎక్స్‌రే కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి.

సొరుగులో నీలం అట్ట పుస్తకం దొరికింది.
బాకీల పుస్తకం, అన్నాడు మేయరు.
గదిలో అందరం చెప్పులు చూసుకున్నాం.
ఎవరి లెక్క వాళ్ళకి తెలుసు.
టీచరమ్మ ఒటిలియా పైకి చదివింది.

నహుయెల్కిన్ ఇంట్లో: ఒక రాత్రి ఆలస్యంగా వెళ్ళాను. పిల్ల దక్కలేదు. బాకీ.
కార్కమో భార్య: గడ్డని కొవ్వనుకున్నాను. బాకీ.
పడవవాడు: తుఫానులో వద్దంటున్నా బయల్దేరదీశాను. వాడి రెండు వేళ్ళు. బాకీ.

పేజీలు తిప్పుతూనే ఉంది ఒటిలియా.
మావి ఒక్కటీ లేవు.
నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను.
ఆ వేళ్ళ సంగతి ఎప్పుడో మరిచిపోయాను.
అబద్ధం.
మరిచిపోయానని ఆవిడతో చెప్పాను, అంతే.

ఆవిడ ఇల్లే ఆస్పత్రి.
దాని పునాది కింద ఒడ్డుని అలలు కొరికేస్తున్నాయి.
మా దగ్గర ఇల్లు కూల్చరు, ఈడుస్తారు.
మింగా అంటాం: ఒకరి పనికి ఊరంతా రావడం,
కూలి ఒక పూట భోజనం, ఆపిల్ కల్లు.
ఇంటివాళ్ళు పిలవాలి మింగాకి.
పిలవడానికి ఇంట్లో ఎవరూ లేరు.
పన్నెండు జతల ఎద్దులొచ్చాయి.

కింద దుంగలు, చుట్టూ తాళ్ళు,
అరుపులు, బురద, ఒక ఎద్దు మోకాళ్ళ మీద పడి లేచింది.
పోటు వచ్చే వేళకి ఇంటిని నీళ్ళలోకి దించి
అక్కణ్ణుంచి పడవలతో లాగాం.
నేను ముందు పడవలో, అలవాటు కొద్దీ
వెనక్కి తిరిగి కూచున్నాను.
ఎదురుగా ఇల్లు తేలుతూ వస్తోంది,
కిటికీ నా వైపు,
లోపల బరువు తూచే యంత్రం ముల్లు
ఎవరూ ఎక్కకుండానే ఊగుతోంది.
వెళ్ళే ఊరు దానికి కనబడుతోంది కాబోలు.
నేను మాత్రం దాన్నే చూస్తూ తెడ్డు వేశాను,
ఎనిమిది వేళ్ళతో.

చీకటి పడ్డాక గట్టు మీద కుదురుకుంది, కాస్త ఒరిగి.
కొత్త డాక్టరు సోమవారం గాని రాడు.
అయినా మాన్సిల్యా
దుంపల సంచి మెట్టు మీద పెట్టి
టోపీ తీసి
తలుపు ముందు వానలో నిలబడి
ఒకసారి దగ్గి చూసుకున్నాడు.